ఎన్‌ఫీల్డ్ .38 సర్వీస్ రివాల్వర్: ఏళ్ల తరబడి నడుముకు కట్టుకున్నాక

పోలీసు ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతికొచ్చింది ఎన్‌ఫీల్డ్ నంబర్ 2, మార్క్ 1 స్టార్. ఫ్రేముకు కుడివైపు కిరీటం ముద్ర, దాని కింద 1941. అంటే నాకంటే పెద్దది.

బ్రిటిష్ సైన్యం ఈ మోడల్‌ను 1932లో తీసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి .455 వెబ్లీ రివాల్వర్ (ఈ అంకె తూటా సుమారు వెడల్పు, అంగుళాల్లో) కిలో దాటి బరువుండేది, పేలితే చెయ్యి ఎగిరేది. కొద్దిపాటి శిక్షణతో సైనికుడికి అది లొంగదని .38కి దిగారు. ఇది ముప్పావు కిలో పైచిలుకు. బందోబస్తులో రోజంతా నిలబడినా నడుం పట్టేయదు.

తిట్టుకోవాల్సింది ట్రిగ్గర్‌నే. ట్యాంకుల్లో ఎక్కి దిగేటప్పుడు హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) కొమ్ము తగులుకుంటోందని 1938లో దాన్ని తీసేశారు. ట్యాంకువాళ్ల ఇబ్బంది తీరింది, మిగతా అందరికీ మొదలైంది. బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి తాపీగా గురి చూసే వీలు లేదు. ప్రతి తూటాకూ ఆ గట్టి ట్రిగ్గర్‌ను చివరిదాకా లాగాల్సిందే. మధ్యలో ఆపి గురి సరిచేసుకుందామంటే చెయ్యి వణుకుతుంది. వేలి మొదటి కణుపు ఆనించి ఒకే లాగుడు లాగితే పది గజాల్లో ఛాతీ మీదే పడుతుంది. పాతిక గజాలకు నేను పందెం కాయను.

లోడింగ్ మాత్రం హాయి. బొటనవేలితో గొళ్లెం నొక్కి బారెల్‌ను కిందికి వంచితే మధ్యలోని నక్షత్రం ఆకారపు పలక పైకి లేచి ఆరు ఖాళీ కేసులనూ (పేలిన తూటాల తొడుగులనూ) ఒక్కసారే బయటికి తోసేస్తుంది. నెమ్మదిగా తెరిచారో, ఒక కేసు జారి ఆ నక్షత్రం కిందికి పోతుంది. ఇక రివాల్వర్ మూతపడదు. నక్షత్రాన్ని వేలితో పైకెత్తి పట్టుకుని, గోటితో ఆ కేసును పీకాలి. రేంజ్‌లో అయితే నవ్వుకుంటాం, బయట అయితే టెన్షన్. ఒక్క ఊపులో విరిచినట్టు తెరవడమే మందు.

తూటా దెబ్బ తక్కువే. మొదట 200 గ్రెయిన్ల (సుమారు 13 గ్రాముల) సీసపు తూటా ఉండేది. ఒంట్లో విచ్చుకునే తూటాలను నిషేధించిన హేగ్ ఒప్పందం భయంతో 178 గ్రెయిన్ల లోహపు తొడుగు తూటాకు మారారు. వేగం సెకనుకు 200 మీటర్లు కూడా ఉండదు. ఎదురుగా ఉన్నవాణ్ని దగ్గర్లో ఆపడానికే తప్ప కారు తలుపు వెనక దాక్కున్నవాడి మీద పనికొస్తుందని నమ్మకం పెట్టుకోకూడదు.

తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే చాలు, తర్వాతది సిద్ధం. 9 ఎంఎం పిస్టల్ వచ్చాక నాకు తెలిసొచ్చిన తేడా ఇదే. అందులో తూటాలు ఎక్కువ, గురి మేలు, కానీ ఇరుక్కుంటే రెండు చేతులూ కావాలి. అయినా రెండూ ముందు పెట్టి ఎంచుకోమంటే పిస్టలే తీసుకుంటాను.

పాతది ఎవరికైనా ఇష్యూ అయితే ముందు ఖాళీ చేసి, బారెల్ పట్టుకుని కదిపి చూడండి. గొళ్లెం దగ్గర లొడలొడలాడితే సంతకం పెట్టకుండా ఆర్మరర్‌కు (ఆయుధాలు చూసుకునే ఉద్యోగికి) తిరిగి ఇచ్చేయండి.