ఏంజెలస్ తోలు రంగులు: విజయవాడ ఎండకూ ఉక్కపోతకూ ఎంతవరకు ఆగుతాయి?

పాతబడిన తోలు సంచికో బూట్లకో ఇంట్లోనే కొత్త రంగు వేసుకుందామనుకునేవారు మొదట అడిగే ప్రశ్న, ఆ రంగు ఎన్నాళ్లుంటుంది అన్నది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1907లో మొదలైన ఏంజెలస్ సంస్థ తోలు కోసమే ప్రత్యేకంగా యాక్రిలిక్ రంగులు తయారుచేస్తోంది. ఆ రంగులను, వాటికి ముందు వాడే ద్రావణాన్ని, చివర వేసే పైపూతను నేను విజయవాడలో ఒక వేసవిలోనూ, ఆ వెనుక వచ్చిన వానాకాలంలోనూ, అది ముగిశాక కొన్నాళ్లూ వాడి చూశాను. రోజూ భుజాన వేసుకుని ఆఫీసుకు వెళ్లే గోధుమరంగు సంచికి, మా నాన్నగారి నల్లబూట్లకు రంగు వేశాను. రెండూ ఈనాటికీ బాగున్నాయి. అయితే ఈ ఫలితంలో పెద్ద వాటా రంగు సీసాకంటే దానికి ముందు వాడిన ద్రావణానికే దక్కాలని నా అభిప్రాయం. కనుక సమీక్షను దానితోనే మొదలుపెడుతున్నాను.

మనం దుకాణంలో కొనే తోలు వస్తువు చాలావరకు వట్టి తోలు కాదు. కర్మాగారంలోనే దాని మీద ఒక రంగుపూత, ఆ పైన మెరుపు కోసమూ నీరు దిగకుండా ఉండటం కోసమూ మరొక పల్చని పారదర్శకమైన పొర వేసి పంపుతారు. దానికి తోడు మనం ఏళ్ల తరబడి రుద్దిన పాలిష్‌లోని మైనం, చేతుల జిడ్డు, చెమట అన్నీ పేరుకుని ఉంటాయి. వీటి మీదే కొత్త రంగు వేస్తే అది తోలును పట్టుకోదు, మైనాన్ని పట్టుకుంటుంది. వాడుతున్నకొద్దీ మైనం అరిగిపోతే దానితో పాటు రంగూ పెచ్చులుగా లేచిపోతుంది. బీసెంట్ రోడ్డు దగ్గర చెప్పులు కుట్టే ఒక పెద్దాయన నా సంచిని వేలితో రుద్ది చూసి, "ముందు ఈ పాలిషంతా దింపండమ్మా, అది దిగకుండా ఏ రంగేసినా డబ్బు దండగే" అన్నారు. సంస్థ 'డీగ్లేజర్' పేరుతో అమ్మేది ఆ పనికే.

దూదిని ఈ ద్రావణంలో తడిపి సంచి మీద రుద్దినప్పుడు మొదటి దూది పసుపు కలిసిన గోధుమరంగులోకి, తరువాతిది ముదురు గోధుమరంగులోకి మారింది. మెరుపు తగ్గుతూ వచ్చి, చివరకు తోలు ఇటుకపొడి చల్లినట్లు పేలవంగా కనిపించింది. ఆ దశలో ఒక నీటిచుక్క వేసి చూడాలి. చుక్క ముత్యంలా నిలబడితే పాతపొర ఇంకా మిగిలి ఉన్నట్లు. మెల్లగా ఇంకి అక్కడ మచ్చ నల్లబడితే తోలు రంగుకు సిద్ధమైనట్లు. అతుకుల వెంబడి, జిప్పు అంచున, పట్టీ మడతలో ఈ పరీక్ష తప్పకుండా చేయాలి, ఎందుకంటే రంగు మొదట లేచేది అక్కడే. ఈ డీగ్లేజర్ అసిటోన్ తరహా ద్రావకం, అంటే గోళ్లరంగు తుడిచే ద్రవం వంటిది. అసిటోన్ 56 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది కాబట్టి, మే నెల మధ్యాహ్నం వేళ విజయవాడలో ఈ పని పెట్టుకుంటే దూది తోలును చేరేలోపే ఆరిపోతుంది. తెల్లవారుజామున, కిటికీలు తెరిచి, వంటగదికీ దేవుడి దీపానికీ దూరంగా కూర్చుని చేయడం క్షేమం, ఎందుకంటే దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

ఇక రంగు సంగతి. యాక్రిలిక్ రంగు అంటే నీటిలో తేలే అతి సన్నని ప్లాస్టిక్ రేణువులూ, వర్ణకమూ కలిసిన ద్రవం. నీరు ఆరిపోతున్నకొద్దీ ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని సాగే గుణమున్న పొరగా మారతాయి. తోలు కోసం చేసిన రంగుకూ, బొమ్మలు వేసుకునే మామూలు యాక్రిలిక్ రంగుకూ ఉన్న ముఖ్యమైన తేడా ఆ సాగే గుణమే. ఆ గుణం నిలవాలంటే పూతలు పల్చగా ఉండాలి. ఒక్క మందపాటి పూతతో పని ముగించాలనుకుంటే పైభాగం ఆరిపోయి లోపలిది మెత్తగా మిగిలిపోతుంది, మడత పడిన మొదటి రోజే చీలుతుంది. మొదటి పూత వేసినప్పుడు అడుగురంగు ఇంకా కనిపిస్తూ, పని అసహ్యంగా ఉందనిపిస్తుంది. అలా కనిపించడమే సరైనది. ఒక్కో పూత పూర్తిగా ఆరాక, వేలికి చల్లగా తగలకుండా ఉన్నప్పుడే తరువాతిది వేయాలి.

మన వాతావరణం ఇక్కడ రెండు విధాలుగా పరీక్ష పెడుతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ కింద రంగు ఎంత వేగంగా ఆరిపోతుందంటే, బ్రష్ రెండోసారి అదే చోటికి వచ్చేసరికి పొర సగం గట్టిపడి చారలు పడుతుంది. అప్పుడు ఫ్యాన్ ఆపి, రంగులో రెండు మూడు చుక్కల నీరు కలిపి, చిన్నచిన్న భాగాలుగా వేసుకోవాలి. వానాకాలంలో ఇబ్బంది దీనికి సరిగ్గా తలకిందులు. కృష్ణ పక్కన ఉన్న ఊరు కనుక ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గాలిలో తేమ నిండి, పైకి ఆరినట్లు కనిపించే పొర లోపల జిగటగానే ఉంటుంది. అలాంటి సంచిని బీరువాలో మరో సంచికి ఆనించి పెడితే రెండూ అతుక్కుంటాయి. నాకు పని బాగా కుదిరింది ముసురు వెళ్లిపోయి చలి ఇంకా మొదలుకాని రోజుల్లో. అదే కాలం ఎంచుకోమని ఎవరికైనా చెబుతాను.

కొందరు పెయింటుకూ డైకీ తేడా చూడరు. డై తోలు పీచులోకి దిగుతుంది, కనుక పగలదు, పెచ్చులు లేవదు. కానీ ఉన్న రంగును ముదురు చేయగలదే తప్ప నల్లని తోలును తెల్లగా చేయలేదు, పైగా చెట్టుబెరడు వంటి వాటితో పదును పెట్టి (అంటే పచ్చితోలు కుళ్లకుండా శుద్ధిచేసి) పైపూత వేయని తోలు మీదే బాగా పడుతుంది. పెయింటు పైన కూర్చుంటుంది, ముదురు రంగు మీద లేత రంగునైనా నిలపగలదు. మన రాష్ట్రంలోనే ఈ తేడాకు మంచి ఉదాహరణ నిమ్మలకుంట గ్రామపు తోలుబొమ్మలు. అక్కడ మేకతోలును వెలుగు దాటేంత పల్చగా గీరి, ఆ వెలుగుకు అడ్డురాని రంగులు రెండు వైపులా దిద్దుతారు. ఆ బొమ్మలతో చేసిన దీపపు గొట్టం ఇంట్లో వెలిసిపోయిందని దాని మీద ఈ యాక్రిలిక్ పెయింటు వేస్తే దీపం వెలిగించినప్పుడు నల్లని మచ్చలే కనిపిస్తాయి. ఆ తోలు పదును పెట్టినది కూడా కాదు, తడి తగిలితే వంకర తిరుగుతుంది. దయచేసి వాటి జోలికి వెళ్లవద్దు.

పైపూత విషయంలో చాలామంది ఆశ ఎక్కువ. ఆ పూత రంగును తోలుకు అతికించదు. రాపిడి నేరుగా రంగుకు తగలకుండా కాపాడుతుంది, అంతే. కింద పని సరిగా లేకపోతే పైపూతతో సహా పెచ్చు లేస్తుంది. మెరుపు లేనిది, ఓ మోస్తరు మెరుపున్నది, బాగా మెరిసేది అని రకాలున్నాయి. సంచికి మెరుపు లేనిది, నల్లబూట్లకు ఓ మోస్తరుది వాడాను, రెండూ తోలు సహజత్వాన్ని చెడగొట్టలేదు. బాగా మెరిసే రకం నల్లటి ఫార్మల్ బూట్లకు తప్ప మిగిలిన వాటికి రెక్సిన్ పోలిక తెస్తుందని నాకనిపిస్తుంది. పూత పూర్తయ్యాక కనీసం ఒక రోజు, వీలైతే రెండు రోజులు ఆ వస్తువును వాడకుండా గాలి తగిలేచోట వదిలేయాలి.

నేను ఇంత శ్రద్ధగా చెప్పడానికి ఒక కారణముంది. ఇంతకుముందు ఊళ్లోనే ఒక దుకాణంలో మా అక్క హ్యాండ్‌బ్యాగ్‌కు రంగు వేయించాం. పాత పొర దింపకుండా స్ప్రే కొట్టి, పైన వార్నిష్ వేసి ఇచ్చారు. తీసుకున్న రోజు అద్దంలా మెరిసింది. వేసవి ముగియకముందే పిడి దగ్గర చుట్టలు చుట్టుకుని ఊడింది, చున్నీకి కూడా మరకలు అంటుకున్నాయి. ఎవరి చేతనైనా రంగు వేయించేటప్పుడు పాత పూత ఎలా దింపుతారని ముందే అడగాలి, తీసుకునేటప్పుడు తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. గుడ్డకు రంగు అంటితే డబ్బు చెల్లించనక్కరలేదు.

అసలు ఆ వస్తువు తోలేనా అన్నది కూడా చూసుకోవాలి. చిరిగిన చోట పీచు కనిపిస్తే తోలు. అల్లిన గుడ్డ కనిపిస్తే అది గుడ్డ మీద ప్లాస్టిక్ పూత వేసిన సరుకు. అందులో పాలీయురేథేన్ రకం గాలిలోని తేమకు రసాయనికంగా విడిపోతుంది, అందుకే కోస్తా ఊళ్లలో సోఫాలు కూర్చోకుండానే పొట్టు రాలుతుంటాయి. రాలడం మొదలైన దాని మీద ఏ సంస్థ రంగు వేసినా ప్రయోజనం ఉండదు. స్వేడ్ వంటి నూగు తోలు మీద కూడా ఈ పెయింటు నూగును అట్టకట్టిస్తుంది.

నిర్వహణలో ఒక్కటి మరువవద్దు. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్‌లోని ఆల్కహాల్ యాక్రిలిక్ పొరను మెత్తబరుస్తుంది, కాబట్టి అది ఆరకముందే సంచి పిడి పట్టుకోవద్దు. మురికిని తడిగుడ్డతో తుడవడం చాలు. వానాకాలంలో బూజు రాకుండా ప్లాస్టిక్ కవరుకు బదులు నూలుగుడ్డ సంచిలో ఉంచాలి.

దిగుమతి సరుకు కనుక ధర ఎక్కువే. చిన్న సీసాకు పెట్టే డబ్బుతో ఇక్కడ చాలా పాలిష్ డబ్బాలు వస్తాయి. ఒక్క చెప్పుల జతకోసం మొత్తం సెట్టు కొనడం దండగ. కానీ మంచి తోలు సంచి, బూట్లు, బెల్టు వంటివి ఇంట్లో నాలుగైదు ఉన్నవారికి గిట్టుబాటవుతుంది. డబ్బు తక్కువైతే రంగులు ఒకటి రెండు తగ్గించుకోండి, డీగ్లేజర్‌ను మాత్రం వదలవద్దు. అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ ధర కోసమే.