రామచిలుకా, గ్రే ప్యారట్టా, కాకటీలా: ఇంటికి ఏది మేలు?

చెన్నైలో పెరంబూరు, అయనావరం వైపు ఉన్న మన తెలుగు కుటుంబాలవారు ఏడాదిగా నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: పిల్లలు మాట్లాడే పక్షి కావాలని పట్టుబడుతున్నారు, ఏది తెచ్చుకుంటే మంచిది, ఏది తెస్తే చిక్కుల్లో పడతాం? ఈ వేసవిలో మా మనవరాలి కోసం నేనూ ఇదే ప్రశ్నతో నగరంలోని నాలుగైదు పక్షుల దుకాణాలు తిరిగాను కనుక, నాకు తోచిన జవాబును ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా రామచిలుక. మన మనసు మొదట పోయేది దాని మీదికే. వసారాలో వేలాడే పంజరం, జామకాయ ముక్క, ‘రామా’ అని పలికించే ముచ్చట మా తరంవారిలో చాలామందికి చిన్ననాటి జ్ఞాపకాలు. మన వాతావరణంలోనే పుట్టిన పక్షి, తిండికి పెద్దగా ఖర్చు లేదు, మాటలు కూడా బాగా పట్టుకుంటుంది. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం దానిని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచుకోవడం నేరం. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక రామచిలుక ఆ చట్టంలోని రెండవ షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న ప్రాణుల జాబితాలో ఉంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘మేము పట్టలేదు, డబ్బిచ్చి కొన్నాం’ అన్న మాట ఇక్కడ చెల్లదు. 2023లో మన చెన్నైలోనే ఒక సినీ నటుడి ఇంటి నుంచి రెండు చిలుకలను అటవీ శాఖ స్వాధీనం చేసుకుని, రెండున్నర లక్షల రూపాయలు కట్టించుకుంది. జోస్యం చెప్పే చిలుకకైనా చట్టం ఇదే. శిక్ష మాట అటుంచినా, బజారులో దొరికే దాదాపు ప్రతి చిలుక పిల్ల ఏదో ఒక చెట్టు తొర్రలోంచి తల్లి లేని వేళ లాగి తెచ్చినదేనన్న సంగతి తెలిశాక నాకు ఆ పంజరం వైపు చూడబుద్ధి కాలేదు.

ఇక ఆఫ్రికన్ గ్రే ప్యారట్. మాటల్లోను, తెలివిలోను దీనికి సాటి వచ్చే పెంపుడు పక్షి లేదంటే అతిశయోక్తి కాదు. మన ఊరి చిలుకను పెంచితే నేరమై, ఎక్కడో ఆఫ్రికా అడవుల చిలుకను పెంచితే నేరం కాకపోవడమేమిటని చాలామంది అడుగుతారు. చట్టం ఈ రెండింటినీ రెండు దారుల్లో చూస్తుంది. మన అడవి పక్షిని అసలు పట్టనే కూడదు. విదేశీ పక్షి విషయంలో అది ఎక్కడి నుంచి, ఎవరి ద్వారా వచ్చిందో లెక్క ఉండాలి. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో గ్రే ప్యారట్‌ను 2017 నుంచి అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చారు. ఆ ఒప్పందంలోని జాతులన్నీ మన చట్టంలో నాలుగవ షెడ్యూలు కిందికి వస్తాయి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నిబంధనల ప్రకారం, అటువంటి ప్రాణి చేతికి వచ్చిన ముప్పై రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేశ్ పోర్టల్ ద్వారా నమోదుకు దరఖాస్తు చేయాలి. అది పిల్లలను పెట్టినా, చనిపోయినా, మరొకరి చేతికి మారినా తెలియజేయాలి. ‘కాగితాలు తరువాత ఇస్తాం, ముందు పక్షిని తీసుకెళ్లండి’ అని ఒక దుకాణదారు నాతో అన్నప్పుడు నేను అక్కడి నుంచి వచ్చేశాను.

అయితే కాగితాలన్నీ సరిగా ఉన్నా నేను గ్రే ప్యారట్‌ను తేలేదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారాన్ని తేల్చేది పక్షి ఆయుష్షు. పంజరంలో అది నలభై నుంచి అరవై ఏళ్ల వరకు బతకగలదు. నాకు ఇప్పుడు అరవై ఒకటి. మా మనవరాలు పదేళ్లలో కాలేజీకని హాస్టల్‌కు వెళ్తుంది, ఆ తరువాత ఉద్యోగం, పెళ్లి. అన్నేళ్లు ఒక మనిషికి అలవాటు పడిన పక్షి, ఆ మనిషి కనబడకపోతే తన ఈకలు తానే పీక్కుంటుంది. కొనేవారు ధర అడుగుతున్నారు, మాటలు వస్తాయా అని అడుగుతున్నారు; తాము చూసుకోలేని రోజు వస్తే దీనిని ఎవరు చూస్తారన్న మాట మాత్రం నేను ఎవరి నోటా వినలేదు. నమోదు కాగితం విలువ కూడా నాకు ఇక్కడే కనిపించింది. కాగితం ఉన్న పక్షిని ధైర్యంగా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లవచ్చు, మరొకరి పేరుకు మార్చవచ్చు. లేని పక్షిని జబ్బు చేసినా దాచవలసిందే, చివరికి ఒక రాత్రి కిటికీ తెరిచి వదిలేయవలసిందే. పంజరంలో పెరిగిన పక్షి ఈ ఊరి కాకుల మధ్య ఎన్నాళ్లుంటుంది?

ఆ లెక్కన చూస్తే కాకటీల్, బడ్జెరిగార్ అనే చిన్న చిలుకలు మేలు. రెండూ ఆస్ట్రేలియావే అయినా ఎన్నో తరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్నాయి. చిలుకల జాతి దాదాపు మొత్తం సైటీస్ జాబితాలో ఉన్నా ఈ రెండింటినీ అందులోంచి మినహాయించారు. కాబట్టి నమోదు అవసరం లేదు. బడ్జెరిగార్ ఐదు నుంచి పదేళ్లు, కాకటీల్ పదిహేను ఏళ్లకు అటూ ఇటూగా బతుకుతాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. మనవాళ్లు ‘లవ్ బర్డ్స్’ అని కొనేవి చాలావరకు బడ్జెరిగార్లే. నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. వాటిలో గులాబీ రంగు ముఖం ఉన్న ఒక్క రకానికే మినహాయింపు ఉంది, ఫిషర్స్ వంటి మిగతా రకాలకు నమోదు తప్పదు. పేరును బట్టి కాక పక్షిని చూసి కొనండి.

తాబేళ్ల గురించి అడిగినవారికి క్లుప్తంగా చెబుతాను. నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులో ఉంది. దానికి కనీస శిక్షే మూడేళ్ల జైలు. చెవి దగ్గర ఎర్ర చార ఉండే అమెరికా తాబేలు పిల్లలు సాల్మొనెల్లా అనే రోగక్రిమిని మోస్తాయి కనుకనే నాలుగు అంగుళాల లోపు వాటి అమ్మకాన్ని అమెరికాలోనే 1975లో నిషేధించారు. చెరువులో వదిలితే మన తాబేళ్ల చోటును ఆక్రమిస్తాయి. ఇంట్లో తావు లేనివారు వండలూరు జూలో ఒక జంతువు మేత ఖర్చు భరించే దత్తత పథకంలో చేరవచ్చు.

ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉన్నవారు దానిని గాలికి వదలకండి, అటవీ శాఖకు అప్పగించండి. రెక్కలు సరిపడా బలపడ్డాకే వారు దానిని బయటికి వదులుతారు. మేము చివరికి ఒక కాకటీల్ జంటను తెచ్చుకున్నాం. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు ఇటువంటి పక్షులు నిమిషాల్లో చనిపోతాయి కనుక, పంజరాన్ని వంటింటికి దూరంగా, వీధి వైపు గదిలో ఉంచాం. పగటి పూట నేను ఇంట్లోనే ఉంటాను. సాయంత్రం బడి నుంచి వచ్చాక మనవరాలు వాటి నీళ్లు మారుస్తుంది.