విజయవాడలో డిస్క్ ఆపరేషన్: పదిహేను నెలల తరువాత నా అనుభవం

విజయవాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదిహేను నెలల క్రితం నాకు నడుము అడుగున ఎల్5-ఎస్1 అనే చోట మైక్రోడిస్కెక్టమీ, అంటే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌కు చిన్న గాటుతో చేసే ఆపరేషన్, చేశారు. అంతకుముందు మూడు నెలలపాటు ఎడమ పిరుదు నుంచి మడమ దాకా లాగేసే నొప్పి, చిటికెన వేలి పక్కన తిమ్మిరి ఉండేవి. తుమ్మితే చాలు, కాలిలో కరెంటు పాకినట్లయ్యేది. ఆపరేషన్ అయిన సాయంత్రమే లేపి నడిపించారు, కాలి నొప్పి ఆ రోజే పోయింది. సర్జన్ పనితనానికి గానీ, రాత్రి డ్యూటీ నర్సుల ఓపికకు గానీ వంక పెట్టలేను. తిమ్మిరి తగ్గడానికి మాత్రం ఐదు నెలలు పట్టింది; నలిగిన నరం నెమ్మదిగా కోలుకుంటుందని ముందే చెప్పి ఉంటే అంత బెంగపడేవాడిని కాను.

నా ఫిర్యాదంతా డిశ్చార్జి కాగితం గురించే. అందులో ఉన్నవి రెండే వాక్యాలు: వంగరాదు, బరువులు ఎత్తరాదు. ఎన్నాళ్ళో రాయలేదు. ఈ ఆపరేషన్‌లో డిస్క్‌ను మొత్తంగా తీయరనీ, జారి నరాన్ని నొక్కుతున్న ముక్కను మాత్రమే తీస్తారనీ, డిస్క్ చుట్టూ ఉన్న పొరకు పడిన చిల్లు మునుపటంత గట్టిగా పూడదు కనుక అక్కడి నుంచే మరో ముక్క జారవచ్చనీ నాకెవరూ చెప్పలేదు. నూటికి ఐదు నుంచి పదిహేను మందికి ఇలా తిరగబెడుతుందని వైద్యులు సాధారణంగా లెక్క వేస్తారు. అమెరికాలో వెన్ను రోగులపై జరిగిన స్పోర్ట్ (SPORT) అనే అధ్యయనంలో, డిస్క్ ఆపరేషన్ అయినవారిలో ఎనిమిదేళ్ళలో దాదాపు 15 శాతం మందికి మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. చిల్లు పెద్దదైనా, పొగ తాగే అలవాటున్నా ముప్పు పెరుగుతుంది. నా చిల్లు ఎంతదో ఆపరేషన్ నోట్సులో కూడా లేదు.

తొమ్మిదో నెలలో గ్యాస్ బండ జరుపుతుండగా అదే కాలు పట్టేసింది. పాత గాటు మచ్చా, కొత్త ముక్కా అని తేల్చడానికి ఈసారి రంగుమందు ఎక్కించి ఎంఆర్ఐ తీశారు, ముక్కే. కాలిలో బలం తగ్గలేదు, మూత్రానికి ఇబ్బంది లేదు కాబట్టి ఆగి చూద్దామన్నారు. మందులతో, నడకతో ఏడు వారాలలో సర్దుకుంది. రెండో ఆపరేషన్‌కు తొందరపెట్టనందుకు వారిని మెచ్చుకోవాలి.

ఆపరేషన్‌కు ఐదు నక్షత్రాలు, రోగికి చెప్పవలసిన మాట చెప్పడంలో రెండు. గత నెల చెకప్‌కు వెళ్ళినప్పుడు పక్క కుర్చీలోని పెద్దాయన తన డిశ్చార్జి కాగితం చదివిపెట్టమన్నారు. అందులోనూ అవే రెండు వాక్యాలు.