అనంతపురం కలెక్టరేటు బయట అర్జీలు రాసే పెద్దాయన

అనంతపురం కలెక్టరేటు గేటు బయట చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన రాత కంటే, ఎవరికి రాయాలో చెప్పే తెలివికి నేను దణ్ణం పెడతాను.

నాది కుట్టుపని. అబ్బాయి కాలేజీ ఫీజుకని దాచిన 50,000 రూపాయలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమని ఇస్తే, ఇంటికి జీవిత బీమా బాండు వచ్చింది. ఏటా అంతే కట్టాలట! నాలుగుసార్లు తిరిగాను. మేనేజరు బీమా కంపెనీని అడగమన్నారు, కంపెనీవాళ్లు ఫోనులో బ్యాంకునే అడగమన్నారు. ఇక కలెక్టరు గారికే చెప్పుకుందామని ఒక సోమవారం బయలుదేరాను.

పెద్దాయన అంతా విని కలం పక్కన పెట్టేశారు. "అక్కడ ఇచ్చినా ఈ కాగితం తిరిగి తిరిగి బ్యాంకుకే చేరుతుందమ్మా. బాండు తెచ్చావా?" అన్నారు. చివరి పేజీలు తిప్పి, చీమలబారులాంటి అక్షరాల మీద వేలు పెట్టారు. కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారి చిరునామా, ఆ కింద హైదరాబాదు లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా కంపెనీలపై ఫిర్యాదులు విని తేల్చే అధికారి) చిరునామా. ఇన్నాళ్లూ నా బీరువాలోనే ఉన్నాయవి.

తర్వాత బాండు వచ్చిన కవరు అడిగారు. దాని వెనక ఒకావిడ జాకెట్టు కొలతలు రాసుకున్నాను కాబట్టి పారేయలేదు. తపాలా ముద్ర చూసి వేళ్లమీద లెక్కపెట్టి, "ఇరవై రోజులే అయింది. బాండు చేతికందిన 30 రోజుల్లోపు వద్దని రాస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఈ రోజే స్పీడ్ పోస్టు చెయ్యి తల్లీ" అన్నారు.

ఉత్తరం ఒక్క పేజీ. పాలసీ నంబరు, తేదీలు, రద్దు చేయమన్న మాట, నా ఖాతా నంబరు, అంతే. నెలలోగా జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు రాయాలని, దానికి రుసుము ఉండదని కూడా చెప్పారు. ఆ అవసరం రాలేదు. స్టాంపు డ్యూటీ, గడిచిన రోజుల బీమా ఖర్చు పట్టుకుని మిగతాది ఖాతాలో వేశారు.

పెద్దాయన నా దగ్గర 100 రూపాయలు తీసుకున్నారు. ఒక్కొక్కరి గోడు ఓపికగా వింటారు కనుక సోమవారం రద్దీలో రెండు గంటలు ఎండలో నిలబడ్డాను. మీరు మంగళవారం వెళ్లండి. జిరాక్సులు ముందే తీయించుకోండి. పనికిరావని ఏ కాగితాన్నీ ఇంట్లో వదలకండి, వచ్చిన కవర్లతో సహా అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.