జవాబు చెప్పకుండా ఉండటం నేర్పిన రెండు రోజుల శిక్షణ

జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. టీచర్ జవాబు చెప్పకుండా, పిల్లలే గుంపులుగా వెతుక్కుని నేర్చుకునేలా క్లాసు నడపడం నేర్పే ఈ శిక్షణకు వేసవి సెలవుల్లో సొంత డబ్బుతో వెళ్లాను. 1999లో ఢిల్లీ కల్కాజీలో విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా గోడలో కంప్యూటర్ అమర్చి, వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారా అని పిల్లలకు వదిలేసిన ప్రయోగం గురించి చెబుతూ శిక్షకులు మొదలుపెట్టారు. తర్వాత మమ్మల్నే నలుగురేసి కూర్చోబెట్టి, గుంపుకొక కంప్యూటర్ ఇచ్చి, "చీమలకు దారి ఎలా తెలుస్తుంది?" అని అడిగారు. 40 నిమిషాలు శిక్షకులు నోరు విప్పలేదు. పక్క గుంపులోకి తొంగిచూడొచ్చు, గుంపు మారొచ్చు కూడా. మన క్లాసుల్లో దాన్ని కాపీ అంటాం!

లోటు ఒకటుంది. ఇలా చేస్తే సిలబస్ ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే సరైన సమాధానం రాలేదు. కంప్యూటర్లు చాలని బడుల సంగతీ హడావుడిగా ముగించారు.

అయినా జూన్ నుంచి వారానికో పీరియడ్ ఇలాగే నడుపుతున్నాను. ఎప్పుడూ మాట్లాడని వెనక బెంచీ అమ్మాయి మొన్న లేచి, "వాన పడితే మట్టి వాసన ఎందుకొస్తుంది టీచర్?" అంది. నాకు ఫీజు ఆ రోజే తిరిగొచ్చింది. సైన్స్ టీచర్లు తప్పక వెళ్లండి.