సరోగసీ, దత్తత: ఏది ముందు?

ఐవీఎఫ్ పలుమార్లు విఫలమైన విశాఖ దంపతులకు సాధారణంగా మిగిలేవి సరోగసీ (మరో మహిళ గర్భంలో తమ బిడ్డను మోయించడం), దత్తత అనే రెండు దారులే. ఖర్చెంతని అందరూ అడుగుతారు గాని, చట్టప్రకారం మనం తల్లిదండ్రులమయ్యేది ఎప్పుడని అడిగేవారు తక్కువ. నా దృష్టిలో ముందు తేల్చుకోవలసింది అదే.

2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరోగసీ నియంత్రణ చట్టం ఇందులో స్పష్టంగా ఉంది. పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టకముందే దంపతులు, బిడ్డను మోసే మహిళ కలిసి మొదటి తరగతి మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేసి, పుట్టబోయే బిడ్డ ఎవరి బిడ్డో, సంరక్షణ ఎవరిదో తేల్చే ఉత్తర్వు పొందాలి; బిడ్డ పుట్టాక జనన అఫిడవిట్‌గా ఆ ఉత్తర్వే చెల్లుతుంది. అయితే అంతవరకు చేరడమే కష్టం. భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్లు ఉండాలి. సరోగసీ వైద్యపరంగా అవసరమని జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరించాలి. మోసే మహిళ 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసులో, సొంత బిడ్డ ఉన్నదై ఉండాలి. ఆమె పేరిట 36 నెలల బీమా తీసుకోవాలి. వైద్యం, బీమా వంటి ఖర్చులు తప్ప ఆమెకు డబ్బు ముట్టజెప్పడం నేరం. "ప్యాకేజీ" మాట ఎత్తిన మధ్యవర్తి దగ్గర నుంచి లేచి రావడం మంచిది, ఎందుకంటే వాణిజ్య సరోగసీకి దిగిన దంపతులకూ జైలు శిక్ష ఉంది.

దత్తతలో నమోదు కేంద్ర దత్తత సంస్థ అయిన కారా పోర్టల్‌లో జరుగుతుంది. 2022 సెప్టెంబరు నుంచి తుది ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు (కలెక్టరు). అంటే మన ఫైలు మహారాణిపేటలోని కలెక్టరేట్‌కు వెళ్తుంది. బిడ్డ ఇంటికి వచ్చినా ఆ ఉత్తర్వు వెలువడేదాకా మనం పోషకులమే. నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది, పైగా వయసు లెక్క వేరు: రెండేళ్లలోపు బిడ్డకైతే దంపతుల వయసుల మొత్తం 85 దాటకూడదు, నాలుగేళ్లలోపుకైతే 90. భార్యకు 44, భర్తకు 47 ఉంటే మొత్తం 91, కాబట్టి నాలుగేళ్లు దాటిన బిడ్డకే అర్హత. అదే జంటకు సరోగసీ వయోపరిమితి అడ్డు కాదు. బంధువుల బిడ్డను పెంచుకునే హిందువులకు 1956 నాటి దత్తత చట్టం ఉంది గాని, పెద్దమనుషుల మాటతో సరిపెట్టుకోకుండా పత్రం రిజిస్టరు చేయించుకోవాలి.

రెండు దారులూ తెరిచి ఉన్నవారికి సరోగసీ ముందు మేలంటాను. దత్తబిడ్డే అయినా సరే, ఆరోగ్యవంతమైన సంతానం ఉన్న జంటకు చట్టం సరోగసీని అనుమతించదు; సరోగసీ బిడ్డ ఒక్కరు ఉన్నవారికి మాత్రం దత్తత దారి మూసుకుపోదు. చట్టం అడ్డు చెప్పేది బిడ్డ ఉంటేనే గాని దరఖాస్తు ఉంటే కాదు గనుక, మెడికల్ బోర్డు చుట్టూ తిరిగే నెలల్లోనే కారాలో పేరు నమోదు చేసుకోవచ్చు. మోయడానికి ఇష్టపడే మహిళ దొరకనివారు మాత్రం సరోగసీ కోసం ఎదురుచూస్తూ వయసు మొత్తాన్ని 85 దాటనివ్వకుండా, వెంటనే దత్తతకు నమోదు చేసుకోవాలి.