క్రిస్మస్ నాటకానికి దుస్తులు అద్దెకు తెచ్చే తల్లిదండ్రులారా, డిపాజిట్ కట్టేముందు ఇది చదవండి

ఇది నిన్న ఉదయం, అంటే ఆదివారం నాడు జరిగింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను, ఎందుకంటే చల్లారితే "పోనీలే, రెండు వేలలోపేగా" అని నన్ను నేనే సముదాయించుకుంటానని నాకు బాగా తెలుసు. ఆ షాపువాడికి కూడా తెలుసు. మనలాంటి వాళ్ల "పోనీలే" మీదే అతని డిసెంబరు నెల గడుస్తోంది.

షాపు పేరు రాయడం లేదు. సికింద్రాబాద్ వైపు బడుల్లో పిల్లలను చదివిస్తున్న వారికి రాయనక్కర్లేదు కూడా. ఆగస్టు 15కు భరతమాత కిరీటం, కృష్ణాష్టమికి నెమలి పింఛం, నవంబరు 14కు నెహ్రూ కోటు, క్రిస్మస్‌కు దేవదూత రెక్కలు ఎక్కడ దొరుకుతాయని తరగతి వాట్సాప్ గ్రూపులో ఎవరడిగినా మొదట వచ్చిపడేది ఆ నంబరే. నాకూ అలాగే వచ్చింది.

మా అమ్మాయి రెండో తరగతి. నాటకంలో ఎనిమిది మంది దేవదూతల్లో తనొకతె. మాటలేమీ లేవు, గబ్రియేలు వేషం వేసిన పెద్దపిల్ల వెనుక రెండు మూడు నిమిషాలు చేతులు జోడించి నిలబడితే చాలు. తెల్ల గౌను, రెక్కలు, తలమీద బంగారు రంగు రింగు తప్పనిసరి అని సోమవారం రాత్రి సందేశం వచ్చింది, నాటకం శనివారం. కుట్టించే వ్యవధి లేదు. గురువారం సాయంత్రం బ్యాంకు నుంచి నేరుగా షాపుకు వెళ్లి, అద్దె 700, డిపాజిట్ 2,000 కట్టాను. కవర్ విప్పి చూపమంటే, "మేడమ్, వెనకాల లైను చూడండి, ఇప్పుడు విప్పితే మళ్లీ మడత పెట్టడానికి మనిషి లేడు, అన్నీ చెక్ చేసే పెట్టాం" అన్నాడు. వెనకాల లైను ఉన్నమాట నిజమే. ఇచ్చిన పసుపు చీటీ మీద సంతకం పెట్టి, కవర్ తెచ్చేసుకున్నాను.

ఆ సంతకం గురించి ఒక మాట చెప్పాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కౌంటరులో కూర్చుని, ఖాతాదారులకు "నిబంధనలు చదివి సంతకం పెట్టండి" అని చెప్పడమే నా ఉద్యోగం. అలాంటి నేను, పైన "ఎస్టిమేట్" అని ముద్రించి, కనీసం షాపు ముద్ర కూడా లేని ఒక కాగితం మీద, వెనుకవైపు ఏముందో తిప్పైనా చూడకుండా సంతకం చేశాను. వెనుకవైపు చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్నది ఒకే వాక్యం: వస్తువు పాడైతే డిపాజిట్ తిరిగి ఇవ్వబడదు.

ఇంటికొచ్చి విప్పితే, ఎడమ రెక్క భుజం దగ్గర తీగ విరిగి, దానికి కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు కూడా కొత్తది కాదు. అంచులు లేచి, వాటికి దూది, దుమ్ము, ఎవరో పిల్లది మూరెడు పొడవున్న ఒక వెంట్రుక అంటుకుని ఉన్నాయి. షాపుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నా అదృష్టమో దురదృష్టమో గానీ, అమ్మాయి అప్పుడే రెక్కలు తగిలించుకుని అద్దం ముందు గిరగిరా తిరుగుతుంటే మా అత్తయ్య ముచ్చటపడి ఫోటో తీశారు. ఎదురుగా నిలబెట్టి తీసిన ఫోటో అది. వీపు వైపు నుంచి తీసి ఉంటే టేపు కనబడేది. ఆ ఆలోచన నాకు రాలేదు.

నాటకం బాగానే జరిగింది. రెక్క ఊడలేదు, అమ్మాయి కదల్లేదు. షాపువాడు ఆదివారం మధ్యాహ్నం 12 దాటితే మరో రోజు అద్దె అన్నాడు కనుక, 11 గంటలకల్లా గౌను, రెక్కలు, రింగు, అన్నీ అదే కవర్‌లో పెట్టి తీసుకెళ్లాను. ఇప్పుడు మాత్రం అతనికి విప్పి చూడ్డానికి తీరిక దొరికింది. గౌను అంచు తిప్పి చూశాడు, రింగు లైటుకు ఎత్తి చూశాడు, చివరికి రెక్క తీసి ఆ టేపు మీద వేలు పెట్టి, "ఇదేంటి మేడమ్, విరగ్గొట్టి తెచ్చారు?" అన్నాడు.

నేను చెప్పాను. ఇచ్చేటప్పుడే టేపు ఉందని, కవర్ విప్పనివ్వలేదని, గురువారం రాత్రే ఫోన్ చేశానని చెప్పాను. తరువాత, ఇక్కడే నేను చాలా తెలివిగా మాట్లాడుతున్నాననుకున్నాను, ఆ వెంట్రుక చూపించాను. "మా పాపకు దసరా సెలవుల్లో తిరుపతిలో గుండు చేయించామండీ, జుట్టు ఇంకా రెండంగుళాలైనా పెరగలేదు, ఈ టేపు మా ఇంట్లో వేసినదైతే ఇంత పొడుగు వెంట్రుక ఎక్కడిది?" అని అడిగాను. అతను వెంట్రుక వైపు చూశాడు, నా జడ వైపు చూశాడు. "మీదే అయ్యుంటుంది మేడమ్, టేపు వేసింది మీరే కదా" అన్నాడు. పక్కనున్న కుర్రవాడు నవ్వాడు. నాకు నోట మాట రాలేదు. ఆ జవాబుకు సరైన సమాధానం నిన్న రాత్రి రెండు గంటలకు తట్టింది, కానీ అది ఇప్పుడు ఎందుకు.

రెక్కలు ఇంక పనికిరావని, కొత్తవి చేయించాలంటే 1,600 అవుతుందని చెప్పి, 400 రూపాయలు బల్ల మీద పెట్టాడు. బిల్లు అడిగితే, "రెండు వేలకు ఇంత గొడవ చేసేవాళ్లు పిల్లల్ని అంత పెద్ద స్కూల్లో ఎందుకు వేస్తారు?" అన్నాడు, నాతో కాదు, ఆ కుర్రవాడితో. నలుగురి ముందు.

ఇంతవరకూ అయితే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదు. డబ్బు లెక్కపెట్టి సంచిలో పెట్టుకుంటుండగా, నా పక్కన నిలబడిన ఒక తండ్రి "ఏంజెల్ సెట్టు, ఏడెనిమిదేళ్ల పాపకి, రేపటికి కావాలి" అని అడిగాడు. కుర్రవాడు లోపలికి వెళ్లలేదు. బల్ల మీదున్న రెక్కనే, ఒక్క నిమిషం క్రితం పనికిరాదన్న ఆ రెక్కనే తీసుకుని, టేపు లేచిన చోట బొటనవేలితో ఒత్తి, కొత్త కవర్‌లో తోసి, పైన స్టేప్లరుతో రెండు పిన్నులు కొట్టాడు. వెంట్రుక ఇంకా దానికే ఉంది, కవర్‌లోకి పోతుంటే చూశాను. "అద్దె 700, డిపాజిట్ 2,000" అన్నాడు షాపువాడు, నేను అక్కడ లేనట్టే. "విప్పి చూసి తీసుకోండి, ఎడమ రెక్క విరిగి ఉంది" అని ఆ తండ్రితో అన్నాను. ఆయన నన్ను, షాపువాణ్ణి, వెనకాల లైనును చూసి, మొహమాటంగా నవ్వి డబ్బు కట్టేశాడు. ఆయనను ఏమీ అనలేను. గురువారం నేను చేసింది అదే.

అద్దె, పోయిన డిపాజిట్, తెల్ల మేజోళ్లకు 250, బంగారు రంగు చెప్పులకు 450, మేకప్‌కు 200, వేదిక అలంకరణకు తరగతిలో వసూలు చేసిన 300 కలిపితే 3,500 అయింది. అదీ మాటలు లేని వేషానికి. ఏసు పుట్టుక నాటకంలో మరియ, యోసేపు, దేవదూతలు, కాపరులు, జ్ఞానులు అని పాతిక మంది పిల్లలుంటారు, వాళ్లలో సగం మంది ఆ ఒక్క షాపుకే వెళ్తారు. ఇంతకీ లూకా సువార్తలో దేవదూత పొలంలో గొర్రెల కాపరులకు కనబడిన చోట రెక్కల ప్రస్తావనే లేదట. మా ఎదురింటి ఆంటీ, నలభై ఏళ్లుగా చర్చి క్వయరులో పాడుతున్నావిడ, నా గోడు విని బైబిలు తెరిచి చూపించారు. లేని రెక్కలకు పదహారు వందలు వదిలించుకున్నాను.

అదే నాటకంలో మా అమ్మాయి తరగతి బాబు ఒకడు గొర్రెల కాపరి. వాళ్ల తాతగారిది సిద్దిపేట దగ్గర ఊరు. ఆయన గొంగడి భుజాన వేసి, తలకు తువ్వాలు చుట్టి, చేతికొక కర్ర ఇచ్చి పంపారు. ఒక్క రూపాయి ఖర్చు లేదు, పైగా ఆ రోజు వేదిక మీద నిజమైన బట్టలు కట్టుకున్నది వాడొక్కడే. నేను మాత్రం మా అత్తయ్య "ఇంట్లో ఉన్న తెల్ల పరికిణీకి జరీ అంచు కుట్టి, అట్టముక్కతో రెక్కలు చేస్తే పోదా?" అని అడిగినప్పుడు, మిగతా ఏడుగురి మధ్య మన పిల్ల వేరుగా కనబడుతుందని కొట్టిపారేశాను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది, మరీ ఎక్కువ డిపాజిట్ గుంజే ఒప్పందాన్ని కూడా ఆ చట్టం అన్యాయపు ఒప్పందాల్లో చేర్చింది. హెల్ప్‌లైనులో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వెళ్తానో లేదో సెలవు దొరకడాన్ని బట్టి ఉంటుంది.

ఇంకా వేషాలు తెచ్చుకోవలసిన వారు ఉంటే, కవర్ షాపులోనే విప్పించండి, ముందూ వెనుకా వీడియో తీయండి, చీటీ వెనక్కి తిప్పి చదవండి. లైను ఉంటే ఉండనివ్వండి.

అన్నట్టు, ఆ 400 రూపాయల్లో ఒక యాభై నోటు నిలువునా చిరిగి, వెనుక టేపు అంటించి ఉంది. ఇంటికొచ్చాక చూశాను. ఉద్యోగం బ్యాంకులోనే కనుక రేపు అదైనా మార్చుకుంటాను.